మిషనుకు కనబడని బొటనవేలు

ఆ రోజుకు రికార్డు గుమాస్తా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొగలు కక్కే నీళ్లతో స్నానం, తొమ్మిదికి ఆఫీసు, పాత ఫైళ్ల బీరువా ఒకటి సర్దడం, సాయంత్రం ఇంటికి రావడం. ఇరవై రెండేళ్లుగా ఆయన బతుకు ఇంతే. ఇంతకంటే పెద్ద ప్రణాళికలు ఆయనకు అచ్చిరావు కూడా.

స్నానం నీళ్లు వేడిగా ఉంటే చాలదు, ఒళ్లు ఎర్రబడాలి. సబ్బు రుద్దాక చర్మం కిచకిచమనాలి. అప్పుడే శుభ్రపడినట్టు ఆయన లెక్క. ఇక ఆఫీసులో ఫైలు ముట్టుకున్నప్పుడల్లా ముందోసారి, తర్వాతోసారి చేతులు కడుగుతాడు.

"ఆ చేతులు చూసుకున్నారా? సున్నం పూసినట్టున్నాయి," అంది భార్య, క్యారేజీ అందిస్తూ. "కాస్త క్రీమైనా రాసుకోండి."

"జిడ్డు చేతులతో ముట్టుకుంటే కాగితానికి మరక పడుతుంది."

"కాగితం మీదున్న శ్రద్ధ ఒంటి మీద లేదు."

"కాగితం వందేళ్లుండాలే. నేను ఉండక్కర్లేదు," అని ఆయన చెప్పులేసుకున్నాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పొద్దున సంతకం పెట్టి జారుకునేవాళ్లు ఎక్కువయ్యారని హాజరును సాయంత్రానికి మార్చారు. నాలుగున్నర నుంచి ఐదులోపు వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టినవాళ్లే ఆ రోజు వచ్చినట్టు. ఐదు కాగానే మిషను మూతపడుతుంది. అందరి ముద్రలూ వానాకాలంలో తీసుకున్నారు, మిషను మాత్రం చలికాలంలో, వారం కిందటే బిగించారు. గుమాస్తా రోజూ వేలు పెట్టేవాడు. ఎర్రలైటు వెలిగేది. లైటు వెలిగిందంటే పనైపోయినట్టేనని సంతోషంగా బస్సుకు పరుగెత్తేవాడు. మిగతావాళ్లకు పచ్చలైటు వెలుగుతోందని వెనక్కి తిరిగి ఒక్కసారీ చూడలేదు.

మిషను ఆరు రోజులు ఓపిక పట్టింది. ఏడోదైన ఆ రోజు మధ్యాహ్నం ఇంటి ఫోనుకు తనంతట తానే సందేశం పంపింది. "మీ ఇంటి ఉద్యోగి ఆరు రోజులుగా విధులకు రాలేదు. నేటి సాయంత్రం ఐదులోపు హాజరు పడనిచో ఉద్యోగం వదులుకున్నట్టు భావించబడును."

భార్య ఆ సందేశం రెండుసార్లు చదివింది. రోజూ క్యారేజీ పట్టుకుని వెళ్తున్నారు, ఖాళీ చేసి తెస్తున్నారు. మరి ఎక్కడ తింటున్నట్టు? తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు ఆఫీసు గేటుకు ఫోన్ చేశాడు. ఆరు రోజులూ పొద్దున్నే ఆయనకు నమస్కారం పెట్టిన కాపలాదారు, జాబితా చూసి, "రావట్లేదండీ," అన్నాడు. ఉద్యోగం జాబితాను బట్టి కదా, కళ్లను బట్టి కాదు.

"బావ ఆఫీసు గుమ్మమే తొక్కట్లేదంటక్కా. ఏ పార్కులోనో కూర్చుని తినొస్తున్నాడు."

"నాతో చెప్పుకోలేక ఎంత నలిగిపోతున్నారో," అని ఆమె కళ్లు తుడుచుకుని ఆటో ఎక్కింది.

సరిగ్గా అప్పుడే అధికారి గుమాస్తాను గదిలోకి పిలిచాడు.

"మీరు ఆరు రోజులుగా లేరు."

"ఉన్నాను సార్. నిన్న మీకు ఫైలిచ్చింది నేనే."

"ఇచ్చారు, నేనే తీసుకున్నాను. కానీ మిషన్లో లేరు. ఇవాళ ముద్ర పడకపోతే నా చేతుల్లో ఏం లేదండీ."

గుమాస్తా క్యాంటీనుకు వెళ్లి కూర్చున్నాడు. బొటనవేలు చూసుకుంటే గీతలు కనబడలేదు, బీటలు కనబడ్డాయి. క్యాంటీన్ వంటమనిషి జాలిపడి గరిటెడు వంటనూనె చేతిలో పోశాడు. నాలుగున్నరకు అందరికంటే ముందు నిలబడి ఆయన వేలు పెట్టాడు. వేలు జారింది, ఎర్రలైటు వెలిగింది. మిషను అద్దం జిడ్డయింది. జేబురుమాలుతో తుడిచాడు, రుమాలుకూ నూనే. ఆ తర్వాత ఎవరు పెట్టినా ఎర్రలైటే. నలభైమంది వరస మెట్ల దాకా పెరిగింది. కంగారులో ఆయన వెళ్లి సబ్బుతో నాలుగుసార్లు చేతులు తోమాడు. వేలు చిట్లి నెత్తురొచ్చింది.

అప్పుడు వచ్చింది భార్య, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని.

"మీరు ఇక్కడే ఉన్నారా?"

"ఇంకెక్కడికి పోతాను?"

ఆమె ఆ చేతులు పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. ఏడుపెందుకో ఆయనకు అర్థం కాలేదు. కానీ ఉద్యోగం పోతోందన్న భయం ఆ చేతుల మధ్య సగం తగ్గింది.

ఆఫీసు ప్రథమచికిత్స గది నర్సమ్మ వరసలోంచి వచ్చి వేలు చూసింది. "గీతలెక్కడికీ పోలేదండీ, ఎండిపోయాయంతే. చర్మంలో నూనె తగ్గితే ఒక రకం, నీళ్లు తగ్గితే ఇంకో రకం. మీకు రెండూ తక్కువే." గోరువెచ్చని నీళ్లలో చెయ్యి నానబెట్టించి, రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే క్రీము పల్చగా రాసింది. "పది నిమిషాలు ఇంకనివ్వండి. రేపట్నుంచి మరిగే నీళ్లు మానేయండి. సబ్బు మాటిమాటికీ వద్దు. ఫైళ్లకు నూలు గ్లౌజులు వేసుకోండి, కాగితానికీ మంచిదే."

"నేను చెప్తే వినలేదు," అంది భార్య.

నర్సమ్మ స్పిరిట్ దూదితో అద్దం తుడిచేసరికి ఐదుకు రెండు నిమిషాలుంది. వరసంతా మిషను వైపు కదిలింది. భార్య ముఖం చూసిన అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. "మనకు పోయేది ఒక్కరోజు. ముందు ఆయన్ని పెట్టనివ్వండి."

మొదటిసారి ఎర్రలైటు. రెండోసారీ ఎర్రలైటే. ఆయన ఊపిరి బిగబట్టి మూడోసారి పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. నలభైమందీ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. గుమాస్తా అక్కడే మెట్టు మీద కూలబడి, ఆ మధ్యాహ్నం తర్వాత మొదటిసారి తను ఉన్నానని నమ్మాడు. ఆ వెనకే ఐదైంది, మిషను మూతపడింది.

మర్నాడు పొద్దున అధికారి కాగితం పట్టుకుని రికార్డు గదికి వచ్చాడు. వెనక ఆఫీసంతా ఉంది. నిన్న అందరూ వచ్చారని, హాజరు పడిన ఉద్యోగి ఎవరైనా సంతకం చేస్తే పై ఆఫీసు ఒప్పుకుంటుందట. అలాంటి ఉద్యోగి ఆయనొక్కడే.

"అలాగే సార్," అన్నాడు గుమాస్తా, చేతులు గాల్లోకెత్తి. "ఒక్క పది నిమిషాలాగండి. ఇప్పుడే క్రీము రాసుకున్నాను, కాగితానికి మరక పడుతుంది."