రష్యా మాంసం, బాటసింగారం పందులు

సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిదో రోజు. పశువుల డాక్టరు సౌజన్య ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద జరిగే వంటావార్పుకు వెళ్ళి, ఉల్లిగడ్డలు కోసి, నినాదాలిచ్చి, భోంచేసి రావడం. విదేశాల నుంచి దొంగచాటుగా వచ్చే మాంసంతో మన పశువులకు ఏయే రోగాలు రావచ్చో ఆర్నెల్లుగా ఆమె రాస్తున్న నివేదిక ఆఫీసు బీరువాలో పడి ఉంది. సమ్మె అంటే సమ్మే మరి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె కిరాయికుండే ఇంటి ఓనరు కోటేశ్వరమ్మ గేటు దగ్గర ఎదురైంది. "మా అమ్మాయి తన్మయి రష్యా నుంచి వచ్చింది కదమ్మా, సూట్‌కేసులో అన్నీ పంది మాంసం పొట్లాలే. డాక్టరీ చదవమని పంపితే ఇదా నేర్చుకున్నది? పొద్దున్నే కుడితి బకెట్లో పడేశాను. బాటసింగారం నుంచి కుడితి కోసం వచ్చే పందుల మట్టయ్య పట్టుకుపోయాడు."

సౌజన్య వెంటనే ఫోన్ తీసింది. రష్యాలో పందులకొచ్చే జ్వరం గురించి ఆమె నివేదికలో పదకొండు పేజీలున్నాయి. మనుషులనేమీ చెయ్యదు కానీ పందిని బతకనివ్వదు, మందు లేదు. ఒక్క పచ్చి ముక్క తిన్నా చాలు, మట్టయ్య పందులు నలభైకి నలభై పోతాయి. చావగా మిగిలినవాటిని చంపించమని తానే రాయాలి. మట్టయ్య ఫోన్ స్విచాఫ్. స్కూటీ తీసింది. "ఆ పొట్లాలు నేనైతేనే గుర్తుపడతాను" అంటూ కోటేశ్వరమ్మ వెనకెక్కి కూర్చుంది.

ఎల్బీనగర్‌లో రోడ్డుకడ్డంగా పప్పు గుండిగలు. వాటి ముందు యూనియన్ లీడర్ సైదులు.

"మేడం, సమ్మెల ఉండి డ్యూటీకి పోతున్నరా?"

"డ్యూటీ కాదన్నా. బాటసింగారంల పందులను చూసొస్తా."

"పశువుల డాక్టరు పందులను చూసుడు డ్యూటీ కాకుంటే ఏందమ్మా?"

సంగతంతా చెప్పింది. సైదులు మంచివాడు, వచ్చిన చిక్కల్లా అదే. వెంటనే మైకందుకున్నాడు. "రష్యా మాంసంతోని రోగమొస్తదంట, అందరు జర పైలం." పప్పన్నం తింటున్న మూడు వందల మందీ విస్తళ్ళు కింద పెట్టేశారు. "మనుషులకు రాదు, పప్పుల మాంసం లేదు" అని సౌజన్య గొంతు చించుకుంది. ఎవరు వింటారు? ఐదు నిమిషాల్లో మట్టయ్య పందులను కాపాడటం ఉద్యమ కార్యక్రమమైపోయింది. స్కూటీ వెనక ముప్పై బండ్లు, వాటికి జెండాలు, నినాదాలు. అన్నిటికీ ముందు, తన పాపం తలచుకుంటూ కోటేశ్వరమ్మ.

బాటసింగారంలో మట్టయ్య దొడ్డి గేటుకు కర్ర అడ్డం పెట్టాడు. "ఏంది, పందులు గూడ సమ్మె చెయ్యాల్నా?"

"మట్టన్నా, గా మాంసం వేసినవా?" అడిగింది సౌజన్య.

"జర ఆగుండ్రి డాక్టరమ్మా. ముందుగాల గా సున్నపు తొట్టిల కాళ్ళు ముంచుండ్రి. ఊరంత తొక్కొచ్చిన చెప్పులతోని నా పందుల కాడికి ఎట్ల రానిస్త?"

ఆ మాట చెప్పాల్సింది తాను. సౌజన్య సిగ్గుపడుతూ ముందుగా ముంచింది. వెనకే కోటేశ్వరమ్మ, ఆ వెనక సైదులు, ఆ వెనక ఉద్యమమంతా వరసగా ముంచారు.

"పొట్లాలు నడుములోతు గుంతల పూడ్చిన, పైన సున్నం పోసిన. ఏ దేశపుదో, ఏం రోగమున్నదో. బకెట్లు కడిగిన. కడమ కూడు మసలినంక ఇంకో గంట ఉడకవెడ్త. పొయ్యి మీదనే ఉన్నది, సూడుండ్రి."

"ఎవరు నేర్పిండ్రన్నా నీకు?"

"ఎవరు నేర్పుతరు? పదేండ్ల కింద హోటల్ కూడు అట్లనే పెట్టిన. నాలుగు దినాలల్ల పన్నెండు సచ్చినయ్. బిడ్డల లెక్క సాదుకున్నయమ్మా."

ఆర్నెల్లు పుస్తకాలు తిరగేసి సౌజన్య రాసిన జాగ్రత్తలన్నీ ఈ మనిషి పన్నెండు పందులను పూడ్చి నేర్చుకున్నాడు. ఇంత గౌరవం ఆమెకు ఏ పెద్దాఫీసరు మీదా కలగలేదు. కోటేశ్వరమ్మయితే రెండు చేతులూ జోడించింది.

ఆ ఊరేగింపు ఫోటో పేపర్లో పడింది. సమ్మె రోజుల్లో డ్యూటీ ఎందుకు చేశావని యూనియన్ సంజాయిషీ అడిగింది. చేస్తే రిపోర్టేదని ఆఫీసు అడిగింది. సౌజన్య ఇద్దరికీ ఒకటే జవాబు రాసింది.

"ఆ రోజు నేను డ్యూటీ చేయలేదు. నేను వెళ్ళేసరికే మట్టయ్య చేసేశాడు."