మూడో పాట మొదట్లో చప్పుడు

ఆ ఉదయం నాన్నకు ఉన్న పని ఒక్కటే. లెక్కల మేడమ్ కారుకు ఆయిలు మార్చి పదకొండింటికి అప్పగించాలి. కూతురు చిట్టికీ ఒక్కటే. తమ పంక్ బ్యాండు తొలి ఆల్బమ్ నమూనా రికార్డు విని, పన్నెండులోగా రికార్డులు అచ్చువేసే ప్రెస్సు వాళ్లకు సరేనని చెప్పాలి. ఇద్దరి మధ్యా ఒక రేకు గోడ.

చిట్టి ఇంట్లో మంచినీళ్లడిగినా ఎవరికీ వినిపించదు. పాట అందుకుంటే మాత్రం పక్క వీధి కుక్కలు లేచి కూర్చుంటాయి. గ్యారేజీ వెనక గది ఇచ్చిన నాడే నాన్న తేల్చి చెప్పాడు. "ఒక్క కస్టమర్ నోరెత్తినా మీ డ్రమ్ములు రోడ్డు మీదుంటాయి, చిట్టీ."

మొదటి రెండు పాటలకూ నాన్న తలెత్తలేదు. ఆ గోల ఆయనకు అలవాటే. మూడో పాట మొదట్లో 'టక్... టక్...' అని వచ్చింది. రికార్డు మీద గీత పడిందనుకుంది చిట్టి. ముల్లు వెనక్కి పెట్టి ఆ ముక్కే మళ్లీ విన్నది.

గోడకు ఇవతల, ఆయిలు మార్చి ఇంజన్ ఆన్ చేసిన నాన్న చెవి రిక్కించాడు. "ఇదేంటి, ఇంజన్లో టకటక?" ఇంజన్ ఆపి బెల్టు విప్పాడు. చప్పుడు పోయింది. చేతులు తుడుచుకునేలోపు మళ్లీ వచ్చింది.

చిట్టి డ్రమ్మర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, మూడో పాట మొదట్లో కర్రలు కొట్టావా?"

"నేనా? అప్పటికి నేనింకా కూర్చోనే లేదే!"

ఆమె రికార్డు తుడిచి పెట్టింది. ఆయన పుల్లీలు ఊడదీశాడు. ఆమె ముల్లు తుడిచి పెట్టింది. ఆయన ఇంజన్ మూత తీశాడు. ఆపిన ఇంజన్ ఎలా మోగుతుందని ఆయనకు తట్టలేదు. ముప్పై ఏళ్ల మెకానిక్‌కు చప్పుడు వినబడితే ముందు చేతులు కదులుతాయి.

పదకొండింటికి మేడమ్ వచ్చింది. పాత పేపర్ల మీద పరిచి ఉన్న తన కారును చూసింది.

"ఆయిలేగా మార్చమన్నాను?"

"అదెప్పుడో మార్చేశానండీ," అన్నాడు నాన్న.

'టక్... టక్...'

ఇద్దరూ ఇంజన్ వైపు చూశారు. అందులో తిరగడానికి ఏమీ మిగల్లేదు.

నాన్న రేకు తలుపు తోశాడు. చిట్టి ముల్లు పైకెత్తింది.

"సర్దండి మీ సామాను!"

"ఆగండి. ఏదీ, మళ్లీ పెట్టమ్మా," అంది మేడమ్. విన్నది. "ఇదే! ఆరు నెలల్నుంచి నేను మొత్తుకుంటున్న చప్పుడు ఇదే! కారు ఇక్కడికి తెస్తే చాలు, నోరు మూసుకుంటుంది. మీరేమో నా భ్రమ అన్నారు!"

చిట్టి మెల్లగా అంది. "ఈ పాట రికార్డు చేసిన రోజు... బ్యాటరీ ఎక్కాలని మీ కారు ఆన్ చేసి వదిలి, నాన్న సామాన్ల కొట్టుకెళ్లాడండీ."

నాన్న స్పీకరుకు చెవి ఆనించాడు. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. కూతురి పాటను ఆయన అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

"పుల్లీ బేరింగు," అన్నాడు. పేపర్ మీది పుల్లీని తిప్పి చూస్తే నిజంగానే ఊగింది.

డ్రమ్ములు ఉన్నచోటే ఉన్నాయి. చిట్టి ఆ టకటకతోనే ప్రెస్సుకు సరేనంది. ఆల్బమ్ తొలి కాపీ మేడమే తీసుకుంది. అప్పట్నుంచి సర్వీసింగ్‌కు ఎప్పుడొచ్చినా, కారుతో పాటు సాక్ష్యంగా రికార్డు కూడా తెస్తోంది.