సింగపూర్ డబ్బాకు బెల్లమన్నం

ఇలా దగ్గరికి జరగండి. గుమ్మంలో కూర్చుంటే గల్లీ గోలలో సగం కథ కొట్టుకుపోతుంది. ఇది మన బొంబాయి కామాటిపురాలో, గదికో కాపురం ఉండే మన చాల్‌లోనే, ఒక దసరా నాడు జరిగింది.

ఆ పొద్దున గంగారాం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, డబ్బా చంకన పెట్టుకోవాలి, దాదర్ పోవాలి. అక్కడ శంకర్రావు గారి కంప్యూటర్ క్లాసు సాయంత్రం మొదలవుతుంది. డబ్బా బిగించి మిషన్ నడిపించాడా, దాన్ని నడిపే ఉద్యోగం గంగారాందే. నడవలేదా, ఇన్నాళ్లలాగే ఆయన దగ్గర బెంచీలు తుడవడం, చాయ్ అందించడం.

డబ్బా అంటే ఫ్లాపీ డ్రైవ్. ఇనుప పెట్టె, ముందు అడ్డంగా చీలిక, దానికో చిన్న మూత. ఫ్లాపీ అనే నల్లటి పలకను ఆ చీలికలో పెడితే లోపల చదువుకుంటుంది. శంకర్రావు గారి మిషన్‌లోది పాడైంది. అలాంటిదే ఇంకొకటి కావాలని కంప్యూటర్ సామాన్లమ్మే లామింగ్టన్ రోడ్డంతా గాలించినా దొరకలేదు. అమెరికాలో ఒక దుకాణంలో ఉంది గాని, వాళ్లు మన దేశానికి పంపరట.

దానికి గంగారామే దారి వెతికాడు. సింగపూర్‌లో ఒక ఆఫీసు ఉంది. అడిగినవాళ్లకు వాళ్ల పేరు మీదే అక్కడ ఒక చిరునామా ఇస్తుంది. అమెరికా దుకాణం ఆ చిరునామాకు సరుకు పంపితే, ఆఫీసువాళ్లు అందుకుని, పైన ఇంకో అట్ట చుట్టి బొంబాయికి పంపుతారు. అలా రెండు సముద్రాలు దాటి, కస్టమ్స్‌లో కొన్నాళ్లు కునుకు తీసి, ఆ పొద్దునే డబ్బా ఇంటికి చేరింది. గంగారాం పై అట్ట విప్పి చూసుకుని, లోపలి అట్టను ట్రంకు పెట్టె మీద పెట్టి నల్లా దగ్గర లైనులో నిలబడడానికి పోయాడు.

అప్పుడు వచ్చాడు పక్క గదిలో, అదే పక్క ఖోలిలో, ఉండే పెద్దయ్య మేస్త్రీ. సిమెంటు బస్తాల మీది అక్షరాలు చూసి చూసి ఇంగ్లీషు కూడబలుక్కోవడం నేర్చినవాడు. డబ్బా మీది కాగితం వేలు పెట్టి చదివాడు.

"రత్నవ్వా, నీ కొడుక్కు సింగపూర్ల ఖోలి దొరికింది."

గంగారాం తల్లి రత్నాబాయి పొయ్యి మీద బెల్లమన్నం కలుపుతోంది. గరిటె ఆగింది.

"నాకు చెప్పకుండనా?"

"చెప్తే ఏడుస్తవని చెప్పలే. ఈడ సాఫ్ రాసున్నది చూడు. గంగారాం, సింగపూర్. కంపెనీ పనిముట్టు గూడ తోలింది."

"నేనేం ఏడుస్త. గానీ పిల్ల సంబంధం చూస్తున్నప్పుడే పోవాల్నా వీడు?"

పెద్దయ్య మాట తిప్పేశాడు. "ఏడుపు తర్వాత. కొత్త సైటుకు పోయేటోని పనిముట్టుకు పసుపు పెట్టకుండ తోలుతమా? అందులో ఇయ్యాల దసరా."

ఇళ్లు కట్టే మనవాళ్లలో ఆ పద్ధతి ఉంది కదా. తాపీ అయినా, గునపమైనా, కొత్త చోటికి పోయే ముందు దానికి పూజ జరగాల్సిందే. డ్రైవ్‌ను బయటికి తీశారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టి నీళ్లు చిలకరించారు. అంతటితో ఆగినా బాగుండేది. రత్నాబాయి మూత ఎత్తి లోపలికి చూసింది.

"అన్నా, దీనికి నోరున్నది."

"నోరున్నదాన్ని ఉపాసం పెడ్తమా?" అన్నాడు పెద్దయ్య.

గంగారాం తడి తువ్వాలుతో తిరిగి వచ్చేసరికి డ్రైవ్ దేవుడి పటం ముందు కూర్చుని ఉంది. చీలిక అంచున ఒక మెతుకు వేలాడుతోంది. గుమ్మం ముందు చాల్ సగం గుమిగూడింది, సింగపూర్‌లో ఉన్న తమవాళ్లకు పట్టుకుపొమ్మని పచ్చడి సీసాలతో.

"అమ్మా, ఏం జేసినవే?"

"రెండు ముద్దలు పెట్టిన. ఇంకొంచెం పట్టేటట్టున్నది."

గంగారాం మూత ఎత్తి మెతుకులు గోటితో గీకబోయాడు. పెద్దయ్యకు కంగారు పుట్టి, డ్రైవ్‌ను తలకిందులు చేసి, సిమెంటు తట్ట దులిపినట్టు గడపకేసి రెండు దెబ్బలు వేశాడు. కొంత అన్నం రాలింది. మిగతాది ఆరుతుందని గదుల ముందు గ్యాలరీలో ఎండకు పెట్టారు. బెల్లం కదా, చీమలు వరస కట్టాయి. ఇక నల్లా కింద కడుగుదామని పెద్దయ్య అంటుండగానే గంగారాం దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సుకు పరుగెత్తాడు. తప్పు తమదని చెప్పడానికి రత్నాబాయి, పెద్దయ్య అదే బస్సెక్కారు.

దాదర్‌లో క్లాసు గుమ్మానికి బంతిపూల తోరణం కట్టి ఉంది. ముందు గదిలో ప్రారంభానికి పిలిచిన పెద్దమనుషులు కూర్చున్నారు. శంకర్రావు గారు ముగ్గుర్నీ లోపలి గదిలోకి తీసుకుపోయి తువ్వాలు విప్పారు. ముందు చీమలు బయటికొచ్చాయి.

"సేఠ్, పోరనిది తప్పు లేదు," అన్నాడు పెద్దయ్య. "వాన్ని నౌకరీల కెల్లి తియ్యకుండ్రి. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి."

శంకర్రావు గారు తిట్టలేదు. లేచి తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించారు.

"నోట్లో ఏం పెట్టారమ్మా?"

"బెల్లమన్నం, బాబూ."

ఆయన బల్ల కింది నుంచి పాత డ్రైవ్ తీసి ముందు పెట్టారు. "మా అమ్మ సేమియా పాయసం పోసింది," అన్నారు. "మిషన్ కొన్న రోజున. నేనే పళ్లెం పట్టుకున్నాను."

పాత డ్రైవ్ పాడైన సంగతి అదీ. కంపెనీవాళ్లు మోసం చేశారని ఊరంతా చెప్పి, అమెరికాకు కూడా కోపంగా రాసిన మనిషి ఆయన.

గంగారాం పక్క క్లినిక్ కాంపౌండరు దగ్గర స్పిరిట్టు, దూది తెచ్చి రెండు డ్రైవ్‌లనూ విప్పాడు. కొత్తదాంట్లో, గడప దెబ్బలకు కాబోలు, లోపలి ముక్క ఒకటి విరిగిపోయి ఉంది. పాతదాంట్లో ఎండిన సేమియా తప్ప ఏ లోపమూ లేదు. దాన్ని గీకి, తుడిచి, మిషన్‌లో బిగించి మీట నొక్కాడు. అది కాస్త గురగురలాడి, ఫ్లాపీని చక్కగా చదివింది.

క్లాసు వేళకే మొదలైంది. మిషన్ నడిపే ఉద్యోగం గంగారాంకే దక్కింది. పనితనం చూసి ఇచ్చానని శంకర్రావు గారు అందరి ముందూ అన్నారు. సేమియా సంగతి తెలిసినవాణ్ణి చాయ్ అందించడానికి గది గదికీ పంపడం మంచిది కాదని ఆయనకు తోచి ఉండవచ్చు కూడా.

రెండు సముద్రాలు దాటి వచ్చిన కొత్త డ్రైవ్ ఇప్పుడు క్లాసులో దేవుడి అరలో ఉంది. దసరా వస్తే పసుపూ నైవేద్యమూ అన్నీ దానికే. పనిచేసేదాని దగ్గరికి అమ్మలెవరినీ రానివ్వరు.

ఈ కథ మరిచిపోకండి. మీ పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ చెప్పండి. వింటూ ఎవరైనా మరీ నవ్వితే, ఇంటికి పోయి ముందు వాళ్ల మిషన్ నోరు తెరిచి చూసుకుని రమ్మనండి.