'తుప్పు పట్టిన గొళ్లెం' ఎవరు రాశారు?

ఆ ఆదివారం పొద్దున్న నవలా రచయిత పెట్టుకున్న పనులు మూడే మూడు. పదింటికి గ్రంథాలయం హాల్లో పాఠకులతో ముఖాముఖి, ఒంటిగంటకి ఇంటికొచ్చి భోజనం, ఆ తర్వాత నాలుగింటిదాకా నిద్ర. కొత్త నవలకి పురస్కారం వచ్చే సూచనలున్నాయని ప్రచురణకర్త చెవిన వేసిన దగ్గర్నుంచి అతను అద్దం ముందు కాస్త ఎక్కువసేపే నిలబడుతున్నాడు. ఆ రోజు కూడా రెండుసార్లు తల దువ్వుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతుంటే అత్తగారు గదిలోంచి వచ్చింది. పెట్టె అడుగు నుంచి తీసిన చీర, కొత్త కళ్ళజోడు, చేతిలో సంచి.

"నేనూ వస్తాను అల్లుడుగారూ. మీరు సభలో మాట్లాడగా ఎప్పుడూ వినలేదు."

రచయిత గుండె జారి చెప్పుల్లో పడింది.

"ఎందుకు లెండి అత్తయ్యగారూ, అక్కడన్నీ ఇనప కుర్చీలు. నడుం పట్టేస్తుంది."

"దిండు ఇచ్చి పంపిస్తాను లెండి," అంది భార్య వంటింట్లోంచి.

అతని భయానికి కారణముంది. అతనికి వాక్యం రాయడం వచ్చుగానీ మనిషిని కల్పించడం రాదు. నవలలో అందరూ మెచ్చుకుంటున్న ముసలావిడ అచ్చు గుద్దినట్టు అత్తగారే. అత్తగారు అల్లుణ్ణి పల్లెత్తు మాట అనదు. అనదలచుకున్నదంతా దగ్గర్లో ఉన్న వస్తువుతో అంటుంది. అతను ఆలస్యంగా లేచిన రోజున గోడ గడియారాన్ని పట్టుకుని, "ఎవరి కోసమే ఆ పరుగు? ఈ ఇంట్లో నిన్ను చూసేవాళ్ళెవరు?" అంటుంది. ఓసారి అతను స్నానాల గది నడిమధ్య బకెట్ వదిలేశాడు. ఆవిడ ఆ బకెట్‌కి అరగంటసేపు బుద్ధులు చెప్పింది. అతను తలుపవతల నిలబడి ఒక్క ముక్క పోకుండా రాసుకున్నాడు. అదే ఏడో అధ్యాయం. భార్యకి ఆ సంగతి తెలుసు. కంటి ఆపరేషన్ అయ్యి కళ్ళజోడు రెండు వారాల కిందటే వచ్చింది కాబట్టి అత్తగారు నవల ఇంకా చదవలేదనీ, ఆవిడకి తెలియదనీ అతని ధైర్యం.

హాల్లో నలభైమంది ఉన్నారు. అత్తగారు దిండు వేసుకుని ముందు వరసలో సరిగ్గా అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఏడో అధ్యాయంలో బకెట్ దేనికి ప్రతీక సార్?" అని మొదలుపెట్టింది ఒక నర్సు.

"మనిషి లోపలి శూన్యానికి," అన్నాడు వెనక నుంచి పళ్ళ డాక్టరు, రచయిత నోరు తెరిచేలోపే.

"కాదండీ, ప్రభుత్వానికి," అన్నాడు బస్సు కండక్టరు. "అడుగున చిల్లుందని రాశారు కదా!"

"అది పాఠకులకే వదిలేశాను," అన్నాడు రచయిత గంభీరంగా. చప్పట్లు కొట్టారు. గండం గడిచిందనుకున్నాడు.

నర్సు కూర్చోలేదు. "ఇంకొక్కటి సార్. ఆ ముసలావిడ పాత్రకి ప్రేరణ ఎవరు? మీ మీద ఎవరి ప్రభావం ఉంది?"

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. రచయిత చూపు తప్పించి పక్కకి చూస్తే కిటికీ, ఆ కిటికీకి గొళ్లెం కనబడ్డాయి.

"ఒక... విదేశీ నవల ఉంది. 'తుప్పు పట్టిన గొళ్లెం' అని."

"ఎవరు రాశారు సార్?"

"పేరు పలకడం కష్టమమ్మా. చాలా చిన్న దేశం. అక్కడే ఆయన్ని ఎవరూ పలకరించరు."

అత్తగారు వెనక్కి వాలి కూర్చుంది. అంతటితో అయిపోవలసింది. కానీ మూడో వరసలో రిటైరైన లెక్చరరు ఒకాయన ఉన్నాడు. ప్రపంచంలో తాను చదవని పుస్తకం ఉందని పాతికేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ ఒప్పుకోని మనిషి.

"విద్యార్థిగా ఉన్నప్పుడే చదివాను," అంటూ లేచాడు. "అనువాదం కొంచెం పేలవం. మీ ఏడో అధ్యాయం మీద దాని పదకొండో అధ్యాయం నీడ స్పష్టంగా ఉంది. ఔనా?"

తన అబద్ధానికి సాక్షి దొరికిన ఆనందంలో రచయిత ఒళ్ళు మరిచాడు. "భలే పట్టేశారండీ!" అన్నాడు.

మర్నాడు గ్రంథాలయంలో ఆ పుస్తకం కావాలని పద్దెనిమిదిమంది చీటీలు రాసిచ్చారు. బుధవారానికి లైబ్రేరియన్ దాన్ని 'పోయిన పుస్తకాలు' జాబితాలో చేర్చేశాడు. ఉన్నట్టు నలుగురూ అంటుంటే లేదనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. గురువారం వారపత్రికలో లెక్చరరు వ్యాసం వచ్చింది: 'ప్రభావమా, అనుకరణా?' గొళ్లెం నవలలోని నాలుగు పేజీలు మన రచయిత యథాతథంగా దించేశాడనీ, తాను అడిగినప్పుడు నిండు సభలో ఒప్పుకున్నాడనీ అందులో సారాంశం.

శుక్రవారం పొద్దున్నే ప్రచురణకర్త ఫోను చేశాడు.

"పురస్కారం వాళ్ళు మన నవల పక్కన పెట్టేశారు. రెండో ముద్రణ నేను ఆపేశాను. ముందు ఆ గొళ్లెం పుస్తకం పంపండి, రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపిద్దాం."

"అది లేదండీ."

"దొరకదా?"

"పుట్టలేదు."

"పుట్టని పుస్తకాన్ని ఎలా కాపీ కొట్టారు మహానుభావా?"

"నేను మొత్తుకునేదీ అదే!"

"నా దగ్గర మొత్తుకుంటే ఏం లాభం? ఆదివారం అదే హాల్లో మళ్ళీ సభ పెట్టిస్తాను. అసలు ప్రేరణ ఎవరో నలుగురిలో చెప్పండి. లేదంటే ఇక నాకు రాయొద్దు."

రచయిత తల పట్టుకుని వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు. పద్నాలుగు నెలలు తెల్లవారుజామున లేచి రాసిన పుస్తకం. నిజం చెబితే ఇంట్లో ఉండలేడు, చెప్పకపోతే బయట తలెత్తుకోలేడు. లోపల అత్తగారు గిన్నె మీద మూత పెడుతూ ఆ మూతతో అంటోంది: "కొందరికి కళ్ళెదుట ఉన్నవాళ్ళు ఆనరే. ఊరూ పేరూ లేనివాళ్ళే గొప్ప. నీకెందుకులే, మూతవి, మూసుకుని కూర్చో."

రచయిత భార్యవైపు చూశాడు. ఆవిడ నవ్వు దాచుకోవడానికి గ్లాసెడు మంచినీళ్ళు తాగేసింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో దిండు, దిండు మీద అత్తగారు, పక్కన భార్య. రచయిత మైకు ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "'తుప్పు పట్టిన గొళ్లెం' అనే నవల లేదు. నేను భయపడి అబద్ధమాడాను. క్షమించండి. అసలు ప్రేరణ ఎవరంటే..."

"లేకపోవడమేంటి? నేను చదివానండీ!" లెక్చరరు ఎగిరి గంతేశాడు. "నా దగ్గర నోట్సుంది!"

"దొంగతనం బయటపడేసరికి ఏకంగా అసలు రచయితనే లేకుండా చేసేస్తున్నాడు," అన్నాడు పళ్ళ డాక్టరు బాధగా.

"పాపం, చిన్న దేశమని అలుసు!" అన్నాడు కండక్టరు.

గోల పెరిగింది. అప్పుడు అత్తగారు లేచింది. ఎవరి మొహమూ చూడలేదు. మెల్లగా మూడో వరస దాకా నడిచి, లెక్చరరు పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు నిలబడింది.

"ఏమే, నిన్నిక్కడెవరు వేశారే?" అంది కుర్చీతో. "అచ్చే కాని పుస్తకాన్ని అనువాదంతో సహా చదివేసిన సరస్వతీపుత్రుల పక్కన నువ్వు నిలవగలవా? రేపు నీకు అయిదో కాలుందంటారు. నోట్సు కూడా చూపిస్తారు. కుంటుకుంటూ తిరగాల్సింది నువ్వే! ఇనపదానివి, నీకైనా సిగ్గేసి వంగిపోయావు గానీ..."

ముందుగా నర్సు అరిచింది: "ఏడో అధ్యాయం! ఈవిడే!"

ఇక చప్పట్లకి అంతులేదు. లెక్చరరు మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "చూశారా, ఈవిడా పదకొండో అధ్యాయమే అప్పజెబుతోంది," అంటూ గొడుగు కూడా మరిచిపోయి బయటికి నడిచాడు.

అత్తగారు తన చోటికి తిరిగొచ్చేసరికి రచయిత దిగి వచ్చి ఆవిడ ముందు చేతులు కట్టుకున్నాడు. "మీకెప్పుడు తెలిసింది అత్తయ్యగారూ?"

"అచ్చుకి వెళ్ళకముందే. మీరు తప్పులు దిద్దమని కాగితాలు దీని చేతికిచ్చారుగా, రోజూ మధ్యాహ్నం నాకు చదివి వినిపించేది."

భార్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండిపోయింది.

"మరి ఆ రోజు సభకి..."

"నా పేరు చెబుతారని వచ్చాను," అంది అత్తగారు. "మీరేమో ఏదో గొళ్లెం అన్నారు."

రచయితకి తిట్లు వింటానన్న భయం పోయి సిగ్గేసింది. వంగి ఆవిడ దిండు చేతికి తీసుకున్నాడు. అప్పటికే ఆవిడ చుట్టూ పాఠకులు పుస్తకాలు పట్టుకుని వరస కట్టారు. "బకెట్ అంటే ఏంటమ్మా?" అని కండక్టరు అడిగితే, "కాలికి తగిలేది," అంది. అందరూ రాసుకున్నారు.

ప్రచురణకర్త అదంతా ఫోనులో వీడియో తీసి పురస్కారం వాళ్ళకి పంపాడు. మంగళవారానికి నవల మళ్ళీ పరిశీలనలోకి వచ్చింది. రెండో ముద్రణకి ప్రతి సిద్ధం చేస్తూ రచయిత అంకితం పేజీలో ఆవిడ పేరు రాసి చూపించాడు.

"సంతోషం," అంది అత్తగారు. ఈసారి మూతతోనూ కాదు, గడియారంతోనూ కాదు, నేరుగా అతని కళ్ళలోకి చూసి. "ఒక్కటి అడుగుతాను అల్లుడుగారూ. చివరి పేజీలో నన్ను ఎందుకు చంపారు?"

రెండో ముద్రణలో ముసలావిడ బతికింది. రచయిత దృక్పథంలో ఆశావాదం మొదలైందని విమర్శకులు రాశారు.