బుంగమ్మ ఎగురుడు లైసెన్సు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర ఏనుగు తుమ్మితే ఆ చివరివాళ్ళు మూడోనాటికి గాని 'చిరంజీవ' అనలేకపోయేవాళ్ళు, అంత పెద్ద అడవిలో బుంగమ్మ అనే గూడకొంగ ఉండేది. దాని ముక్కు కింద సంచి ఆషామాషీ సంచి కాదు. ఓసారి వానకి దుప్పిపిల్ల ఒకటి అందులో తలదాచుకుని, వాన వెలిశాక, ఇల్లు సౌకర్యంగా ఉంది, ఖాళీ చెయ్యనని మొరాయించిందట.

పుట్టిన మూడో నెల నుంచీ ఎగురుతూనే ఉంది బుంగమ్మ. తొమ్మిది కొండలవతల పెద్ద సరస్సుకి పోవడం, సంచినిండా చేపలు తేవడం, గూట్లో ముగ్గురు పిల్లలకీ పెట్టడం. ఎగరడం గురించి ఎన్నడూ ఆలోచించి ఎరగదు. మనం మాత్రం గుటక వేసే ముందు ఆలోచిస్తామా?

ఆ వేసవిలో నక్కకి పని లేక ఒక సంఘం పెట్టింది. పేరు గగనయాన క్రమశిక్షణ సంఘం. ఛైర్మను నక్క, శిక్షకుడు తాబేలు మాస్టారు, డాక్టరు గుడ్లగూబ. ముగ్గురిలో ఎగరగలిగింది గుడ్లగూబ ఒక్కటే. అదీ చీకటి పడ్డాకే. ఆఫీసు వేళలేమో పగలు.

"మనుషుల్లో సొంత విమానం నడుపుకునేవాడికైనా లైసెన్సు ఉండాలి. మనం వాళ్ళకి తీసిపోయామా? లైసెన్సు లేకుండా ఎగిరినవారికి రెక్క ఈకలు పీకబడును" అని నక్క చాటింపు వేయించింది.

బుంగమ్మ వెళ్ళి అడిగింది. "అయ్యా, ఇన్నేళ్ళుగా ఎగురుతున్నాం. ఏనాడైనా ఒకరినొకరం ఢీకొన్నామా?"

"ఢీకొన్న అనుభవం బొత్తిగా లేదన్నమాట" అంది నక్క విచారంగా. "రాసుకోండి మాస్టారూ. అభ్యర్థికి అనుభవం శూన్యం."

ముందు ఆరోగ్య పరీక్ష. మిట్టమధ్యాహ్నం గుడ్లగూబ కళ్ళు చికిలించుకుని కూర్చుంది. "ఎదురుగా చెట్టుంది, చూసి చెప్పు, ఎన్ని కొమ్మలు?"

"చెట్టు మీ వెనకుంది డాక్టరు గారూ."

"నాకు కనబడనిది నీకు కనబడుతోందంటే నీ చూపులో తేడా ఉంది" అని, తడుముకుంటూ వచ్చి సంచి పట్టుకుంది. "అమ్మో, గొంతుకింద ఎంత వాపు. ఇది తగ్గేదాకా ఎగరడానికి వీల్లేదు."

ఆ వాపులో పిల్లల కోసం దాచిన ఆఖరి చేప ఉంది. బుంగమ్మ కళ్ళు మూసుకుని దాన్ని డాక్టరు ముందు పెట్టింది. వాపు తక్షణం తగ్గిపోయింది. చూపు కూడా కుదుటపడింది.

ఇక శిక్షణ. సంఘం ఆఫీసంటే వెదురు మంచె, దానిపైన తాటాకు పందిరి. విద్యార్థులు అరవైమంది: కొంగలు, కాకులు, గద్దలు, రెండు నెమళ్ళు. అందర్నీ మంచె చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కో కాలికి అడవితీగ కట్టి, రెండో కొస మంచె గుంజలకి ముడేశారు.

"తీగ దేనికండీ?" అంది బుంగమ్మ.

"పొరపాటున పైకి లేచావనుకో, లైసెన్సు లేకుండా ఎగిరినట్టవుతుంది. మీ ఈకల క్షేమం కోరే గదమ్మా" అంది నక్క.

మొదటి పాఠం కూర్చోవడం. రెండోది రెక్క విప్పడం. మూడోది రెక్క ఆడించడం. నాలుగోది పైకి లేవడం, ఏడోది కిందికి దిగడం. మూడో పాఠం నలభై గంటలు చెయ్యాలి. ఆ గంటలు మాస్టారు లాగ్‌బుక్కులో ఎక్కించాలి. మాస్టారు నిద్రపోతుండగా ఆడించిన రెక్కలు చెల్లవు. రెక్కలాడిస్తే చల్లగాలి వస్తుంది. చల్లగాలి తగిలితే మాస్టారు తల లోపలికి లాక్కుని నిద్రపోతాడు. నెలన్నర గడిచినా ఎవరికీ ఒక గంట నిండలేదు.

నక్క మాత్రం మంచె నడుమ వెల్లకిలా పడుకుని ఈతపళ్ళు చప్పరిస్తూ, "పడమటి వైపు విద్యార్థులు శ్రద్ధ చూపడం లేదు. ఇటు గాలి రావటం లేదు" అని విమర్శించేది.

పక్కనే కూర్చున్న కాకి వరాలు గొణిగింది. "అక్కా, ఇది ఎగురుడు బడి కాదే. విసనకర్రల కొట్టు. మనం విసనకర్రలం."

"తెలుసే. తెలిసి ఏం చెయ్యను? ఈకలు పోతే మళ్ళీ మొలిచేసరికి పిల్లలుండరు."

సాయంత్రం తీగ విప్పాక నడిచి ఇంటికి వెళ్ళేది. మడుగులో మిగిలిన కప్పపిల్లల్ని ఏరి పిల్లల నోట్లో పెట్టేది. మడుగు రోజుకో జానెడు ఎండిపోతోంది. ఆ వారం పెద్దపిల్ల అరుపు మానేసింది. అరిచే కొంగపిల్లతో చెవులకే ఇబ్బంది. అరవని పిల్లతో తల్లి ప్రాణానికే ఇబ్బంది.

మర్నాడు నక్క కాళ్ళ మీద పడింది బుంగమ్మ. "నాలుగో పాఠం చెప్పించండి బాబూ. ఒక్కసారి సరస్సుకి వెళ్ళొస్తాను."

"తొందరపాటు పైలట్లకి పనికిరాదు" అంది నక్క, ఈతగింజ ఉమ్మేసి.

ఆ రోజు ఎండ సంగతి చెప్పాలంటే నా నోరెండిపోతుంది. బండమీద బల్లి అట్టులా అతుక్కుపోయింది. అడవిపంది బురదలో దిగితే బురద ఇటుకై కూర్చుంది, పంది ఆ ఇటుకతోనే ఇంటికి పోయింది. నక్కకి ఎంత గాలీ చాలలేదు. ఒకరు ఇప్పుడూ ఇంకొకరు అప్పుడూ ఆడిస్తే గాలి కలవడం లేదని కనిపెట్టింది.

"ఈవేళ ప్రత్యేక తరగతి. అందరూ ఒకే తాళానికి రెక్క వెయ్యాలి. బుంగమ్మా, మీ గూడకొంగల గుంపులో ముందున్నది రెక్క వేస్తే వెనకవాళ్ళంతా అదే ఊపుకి వేస్తారటగా. నువ్వు ముందుండి నడిపించు."

బుంగమ్మ ఒక్కక్షణం నక్కని చూసింది. "అసలు ఎగిరేటప్పుడు వేసినట్టు వెయ్యమంటారా?"

"అంతకన్నా గట్టిగా వెయ్యి."

"చిత్తం" అంది బుంగమ్మ.

మొదటి ఊపుకి ఈతపళ్ళు ఎగిరిపోయాయి. రెండో ఊపుకి నక్క మీసాలు వెనక్కి తిరిగాయి. "ఆహా, స్వర్గం" అంది నక్క. మూడో ఊపుకి అరవై జతల రెక్కలూ ఒక్కటై లేచాయి. గుంజలు మూలిగాయి, మట్టి పెళ్ళలుగా ఊడింది. మంచె, పందిరి, సంఘం సమస్తం చింతచెట్ల మీదుగా పైకి లేచిపోయాయి.

కుదుపుకి మాస్టారు తల బయట పెట్టాడు. పక్కనుంచి ఒక మేఘం వెళ్తోంది. "ఇది ఎన్నో పాఠం?" అన్నాడు.

"నాలుగోదండీ" అంది వరాలు.

మాస్టారు తల లోపల పెట్టేసుకున్నాడు. గుడ్లగూబ అంది కదా, "నాకేమీ కనబడటం లేదు గనక ధైర్యంగానే ఉంది. మనం ఎందులో ఉన్నాం?"

నక్క నాలుగు కాళ్ళతోనూ వెదురు వాటేసుకుంది. "బుంగమ్మా, తల్లీ, దించెయ్యి."

"దిగడం ఏడో పాఠమండీ. మీరు మూడోదాకానే చెప్పారు. రాని పని చేస్తే క్రమశిక్షణ ఏమవుతుంది?"

"ఇంకో చిక్కుందక్కా" అంది వరాలు. "లైసెన్సు లేనివాళ్ళు ఎవర్నైనా మోస్తూ పట్టుబడితే ఆ బరువుని తక్షణం వదిలెయ్యాలని రూలు. పదకొండో రూలు. రాసింది ఛైర్మన్ గారే."

నక్క కిందికి చూసింది. అడవి అరచేతిలో కరివేపాకు రెమ్మంత ఉంది. "ఆ రూలు రద్దు" అంది. "నాలుగు, అయిదు, ఆరు, ఏడు, అన్ని పాఠాలూ పూర్తయినట్టే. నలభై గంటలూ నిండినట్టే."

"నోటిమాట చెల్లదని మీరేగా అంటారు" అంది బుంగమ్మ, తాళం తప్పకుండా.

అంతెత్తున, పందిరి తాటాకులు చింపి, ఈతపండు రసంలో కాలు ముంచి, అరవై లైసెన్సుల మీద ముద్ర వేసింది నక్క. కాలు వణికి ఒక్కోదానిమీద మూడేసి ముద్రలు పడ్డాయి. మూడింతలు చెల్లుబాటని పక్షులు సంతోషించాయి. తొమ్మిదో కొండ దాటాక పెద్ద సరస్సు కనబడింది. బుంగమ్మ రెక్కలు చాచి, పాదాలు ముందుకు పెట్టి, పొయ్యిమీంచి పాలగిన్నె దించినంత పదిలంగా మంచెని నీళ్ళమీద దించింది.

తీగలు కొరుక్కున్నాక సంచి నింపుకుంది. ఆ సంచిలో పట్టినన్ని చేపలు ఆ సరస్సులో ఉన్నాయా అని నన్నడక్కండి. పొద్దుగుంకేలోగా గూటికి చేరింది. ముగ్గురికీ పెట్టింది. రెండో చేప గొంతు దిగగానే పెద్దపిల్ల పెట్టిన కేకకి చుట్టుపక్కల చెట్లకి కాయలు రాలిపోయాయి. అలాంటి సంగీతం ఎన్నడూ వినలేదన్నట్టు కూర్చుని విన్నది బుంగమ్మ.

నక్క, మాస్టారు, ఎగరడానికి లైసెన్సు లేని డాక్టరు తొమ్మిది కొండలూ కాలినడకన దిగివచ్చేసరికి, మాస్టారి నడక గనక, వానాకాలం వెళ్ళిపోయింది. వచ్చినరోజే నక్క చెట్టుకి కొత్త బోర్డు వేలాడదీసింది: "మొదటి జట్టు, అరవైకి అరవైమందీ ఉత్తీర్ణులు. ఛైర్మన్ గారికి స్వయంగా తొమ్మిది కొండల గగనానుభవం. ప్రవేశాలు జరుగుచున్నవి." మర్నాటికి కుందేళ్ళు, ఎలుగులు, ఇటుక విడిపించుకున్న అడవిపంది వరసలో నిలబడ్డాయి.

నీతి: ఎగరడం వచ్చినవాళ్ళకి ఎగరడం నేర్పితే తప్పులేదు గాని, వాళ్ళని కట్టిన తీగ రెండో కొస మాత్రం మనం పడుకున్న మంచెకి కట్టకూడదు.