సదరు విజేత తప్ప

"ఇది మట్టి కాదు, చరిత్ర!" అని ఊరి మైదానాన్ని చూపిస్తూ క్రీడల మంత్రిగారు ప్రకటించగానే అందరం చప్పట్లు కొట్టాం. నేను ఆయన శాఖలోనే టైపిస్టుని కాబట్టి మిగతావాళ్ల కంటే నాలుగు ఎక్కువే కొట్టాను.

ఆ చరిత్ర ఏమిటంటే, స్కూల్లో చదివే రోజుల్లో మంత్రిగారు అక్కడ వంద మీటర్ల పరుగులో ఫస్టు వచ్చారు. ముప్పై ఏళ్లుగా ప్రతి సభలోనూ చెబుతున్నారు. మొదట్లో మామూలుగా గెలిచేవారు. ఈమధ్య చెప్పుల్లేకుండా, జ్వరంతో గెలుస్తున్నారు. ఇంకో ఎన్నికలొస్తే ఒంటికాలి మీద గెలుస్తారని మా ఆఫీసులో గట్టి నమ్మకం. చెప్పీ చెప్పీ ఆయనకూ నమ్మకం కుదిరింది.

అంతటి ట్రాకుని ఎవరు పడితే వాళ్లు తొక్కుతుంటే ఆయన మనసు ఊరుకోలేదు. చుట్టూ కంచె వేసి స్మారకస్థలం చేయమన్నారు. ఉత్తర్వు టైపు చేసే భాగ్యం నాకు దక్కింది.

"ఇక మీదట ఎవ్వరూ పరిగెత్తకూడదని కొట్టు" అన్నాడు పీఏ.

"మంత్రిగారు కూడానా సార్?"

"ఛఛ, ఆయన తప్ప. అన్నట్టు వాళ్ల మనవడు అక్కడే సైకిలు నేర్చుకుంటున్నాడు. కుటుంబ సభ్యుల్ని కూడా కలుపు."

"మంత్రిగారి పేరు పెట్టనా?"

లోపలి గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "నా పేరొద్దయ్యా! పేరు కోసం పాకులాడే మనిషినా నేను? చరిత్రే చెబుతుంది."

ఆ వినయానికి నా కళ్లు చెమర్చాయి. పేరు లేని చోట మా శాఖని ఆదుకునే మాట ఒకటుంది. "సదరు మైదానంలో సదరు ఏట వంద మీటర్ల పందెం గెలిచిన సదరు విజేత, సదరు విజేత కుటుంబ సభ్యులు తప్ప సదరు ట్రాకుపై ఎవ్వరూ పరుగెత్తరాదు" అని కొట్టాను. పీఏ చదివి భుజం తట్టాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళితే భుజం తట్టేవాళ్లెవరూ లేరు. మా బావ ఆ మైదానంలోనే గ్రౌండ్స్‌మన్. ఉత్తర్వు నకలు అప్పటికే అతనికి అందింది. వాళ్లమ్మాయి ఆదివారం జట్టు సెలక్షన్‌లో పరిగెత్తాలి. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. సాధన చేయడానికి ఊళ్లో ఉన్నది ఆ ఒక్క ట్రాకే.

"మామయ్యా, ఆ కాగితం నీ చేత్తోనే కొట్టావా?" అంది నా మేనకోడలు, కళ్లనిండా నీళ్లతో.

నాకు చచ్చేంత సిగ్గేసింది. "ఉద్యోగం తల్లీ" అన్నాను.

"తగలబడిపోనీ నీ ఉద్యోగం!" అని అక్క నా ముందున్న టీ గ్లాసు తీసుకుపోయింది.

బావ మాత్రం కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "పేరెక్కడా లేదేంటి బామ్మర్దీ?"

"మంత్రిగారే వద్దన్నారు బావా."

"అలాగా!" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆ ఏటి పోటీల రిజిస్టరు నా షెడ్డులో భద్రంగా ఉంది. సభలో అందరి ముందూ చదివిస్తే బాగుంటుందని మీ పీఏకి చెప్పు. చరిత్ర కదా."

చెబితే పీఏ ఎగిరి గంతేశాడు.

మర్నాడు ఉదయం ప్రారంభోత్సవం. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ట్రాకు మీద నాలుగో లేన్‌లో వంగి, పరుగుకి సిద్ధమైన భంగిమలో ఫొటోలిస్తున్నారు. క్రీడాధికారి మైకు ముందుకొచ్చి రిజిస్టరు అందుకున్నారు.

"వంద మీటర్ల పరుగు. ప్రథమ బహుమతి..." అంటూ గుక్కతిప్పుకోకుండా పేరు చదివేశారు.

అది మా బావ పేరు. ఇంటిపేరుతో సహా.

"కింద చూడండి సార్, ఇంకా కింద!" అని పీఏ గుసగుసలాడాడు. అదీ మైకులో వినిపించింది. అధికారి కింద చూశారు. పాపం, మంత్రిగారి పేరు కనబడిన ఆనందంలో అదీ చదివేశారు.

"నిమ్మకాయ, చెంచా పందెం. నిమ్మకాయను చేత్తో పట్టుకున్నందున పోటీ నుంచి తొలగించడమైనది."

కంచె తలుపు దగ్గర కాపలాకి వాచ్‌మన్ ఉన్నాడు. ఉత్తర్వు అక్షరం తప్పకుండా అమలు చేయకపోతే ఉద్యోగం ఊడుతుందని పీఏ ముందురోజే అతన్ని బెదిరించాడు. అతను జేబులోంచి కాగితం తీసి, వేలు పెట్టి చదువుకుని, మా బావని ఒకసారి, మంత్రిగారిని ఒకసారి చూశాడు. తలుపు తీసి, కంచె బయట బావ పక్కన నిలబడ్డ నా మేనకోడల్ని లోపలికి పంపాడు. ఆమె నాలుగో లేన్‌లో మంత్రిగారి వెనకాలే నిలబడి బూటు తాడు బిగించుకుంది.

వాచ్‌మన్ చేతులు కట్టుకుని మంత్రిగారి దగ్గరికి వెళ్లాడు.

"కాస్త పక్కకి జరగండి బాబూ. పాప పరిగెత్తాలి. తమరు సదరు కాదటగా."

మంత్రిగారు జరిగారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చాలా వేగంగా జరిగారు.