ఒకటో తేదీ నుంచి తెగులుండదు

వచ్చే ఒకటో తేదీ నుంచి మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో వరికి అగ్గితెగులు ఉండదని మంత్రిగారు ప్రకటించారు. ఆ సంగతి తెగులుకు ఎవరు చెప్పాలో మాత్రం ప్రకటనలో లేదు. ఆ భారం పార్టీ మండలాధ్యక్షుడు జనార్ధన్ భుజానికెత్తుకున్నాడు. సేవ ఆయనకు కొత్తేమీ కాదు. ఊళ్లో సగం పొలాలను ప్లాట్లు చేసి రైతులకు ఎండలో నిలబడే బాధ తప్పించిన మనిషి.

మంత్రిగారు రానున్న వరి పరిశోధన క్షేత్రానికి ఆయన వెళ్లేసరికి, శాస్త్రవేత్త యమున మడిలో ఏదో పిచికారీ చేయించబోతోంది.

"ఏంది మేడం గది? మందా?"

"కాదండీ, తెగులే. శిలీంద్రం కలిపిన నీళ్లు. లోపల నలభై రకాలున్నాయి, ఏది తట్టుకుంటుందో తేలాలి. గట్టు వెంబడి వేసింది అన్నిటికంటే ముందు తెగులు పట్టే రకం. అది మాడుతూ మిగతావాటికి అంటిస్తుంది."

జనార్ధన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సర్కారు జీతం తీస్కొని తెగులు అంటిస్తున్నరా? మంత్రి వస్తుండు మేడం!"

"మూడేళ్ల కష్టమండీ. ఈ పంటతో ఫలితం వచ్చేస్తుంది. మీ అమ్మగారు కూడా ఆ తట్టుకునే విత్తనం కోసమే వారం వారం వస్తున్నారు."

నిజమే. నర్సమ్మ మూడెకరాలూ రెండేళ్లుగా తెగులుకే పోతున్నాయి. పక్కనే కొడుకు వెంచర్. "ఇంకొక్క పంట సూస్త. గదీ పోతే ప్లాట్లు జేస్కో" అని ఆమె మాటిచ్చింది.

శిలీంద్రం డబ్బాలు గదిలోకెళ్లాయి, తాళం జనార్ధన్ జేబులోకెళ్లింది. నెల తిరిగేలోగా మడికి నాలుగుసార్లు తెగులు మందు కొట్టించాడు. కెమెరాలు నిలిచేది గట్టు దగ్గరే కాబట్టి అక్కడ యూరియా రెండింతలు చల్లించాడు.

ఒకటో తేదీన మంత్రిగారు గట్టు మీద నిలబడి మురిసిపోయారు.

"ఎక్కడయ్యా తెగులు? గీ గట్టు రకం సూడుండ్రి, ఎట్ల నిగనిగలాడుతాందో! ఇగ రైతులందరికీ గిదే పంచుండ్రి."

"సార్, అది..." అంది యమున.

"మేడం, సార్ మాట్లాడుతున్నరు" అన్నాడు పీఏ.

గోదాంలోంచి ఆ రకం విత్తనం సంచి తెప్పించారు. ఆదర్శ రైతు నర్సమ్మకు మంత్రిగారు స్వహస్తాలతో అందించారు. యమున జనార్ధన్ వైపు చూసింది. ఆయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

సభ అయ్యాక నర్సమ్మ సంచి చంకనెత్తుకుని కొడుకు దగ్గరికొచ్చింది.

"కొడకా, గిది తెగులుకు ఆగుతదంటవా?"

"మంత్రి సారే ఇచ్చిండ్రు గదనే అమ్మా. మూడెకరాలకూ గిదే పెట్టు."

ఆమె సంచిని కళ్లకద్దుకుని ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా చూసి జనార్ధన్ సర్వేయర్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, మా అమ్మ పొలం కొలవాలె. జల్దీ ఏం లేదు. ఒక్క పంట ఆగు."